బావ కారులో జీపు ఇంజను

ఆ రోజుల్లో మనుషుల కష్టాలన్నింటికీ మూలం ఒక్కటే అని నాకు గట్టి నమ్మకం: జనం జాబితా రాసుకోకపోవడం. మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి, బొగ్గుగనుల కంపెనీ వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా కొత్తగా చేరాను. జేబులో చిన్న నోటుపుస్తకం, చెవి మీద పెన్సిలు లేకుండా గడప దాటేవాణ్ని కాదు. కూరగాయలకు వెళ్లినా ఆలుగడ్డకు ఒకటో నంబరు, కొత్తిమీరకు తొమ్మిదో నంబరు ఉండేవి. (కొత్తిమీర చివర ఎందుకంటే, బరువు కింద నలగకూడదు కదా. ఇది నాకు ఇప్పటికీ సబబుగానే తోస్తుంది.) తెలంగాణ రావడానికి ఇంకా ఐదారేళ్లున్న ఆ కాలంలో, గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరుసకంతా ఇంజనీరును నేనే. డిప్లొమాకూ ఇంజనీరుకూ తేడా ఉందని నేను ఎవరికీ చెప్పలేదు, వాళ్లూ అడగలేదు.

నన్ను అందరికంటే ఎక్కువ నమ్మినవాడు మా బావ, అంటే అక్క భర్త. భూగర్భ గనిలో బొగ్గు నింపే పని ఆయనది. మా వెనక వరుసలోనే ఉండేవాళ్లు. బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక ఆఫీసరు దగ్గర ఆయన ఓ పాత తెల్లకారు కొన్నాడు. బుడ్డది. బావ ఆరడుగుల మనిషి కావడంతో, నడిపేటప్పుడు ఆయన మోకాళ్లు స్టీరింగుకు చెరోపక్కన కాపలా కాసేవి. నలుగురు పట్టే ఆ కారులో ఒకరోజు ఏడుగురం ఎక్కి పెద్దపల్లిలో పెళ్లికి బయల్దేరితే, ఓపెన్‌కాస్టు గనిలోంచి తవ్విపోసిన మట్టిగుట్ట పక్కనున్న చడావు సగం ఎక్కి ఆగిపోయింది. దిగి తోశాం. పట్టుచీర కుచ్చిళ్లు నడుముకు దోపుకుని అక్క కూడా తోసింది. పక్కనుంచి మెల్లగా దాటుతున్న బొగ్గు లారీలోంచి క్లీనరు తల బయటపెట్టాడు. "అన్నా, గంత తిప్పలెందుకే, సంకనేసుకొని పోరాదు!"

ఆ మాట బావకు ముల్లులా దిగింది. పెళ్లిలో భోజనం కూడా సరిగా చేయలేదు (రెండుసార్లే వడ్డించుకున్నాడు). తిరిగొచ్చేటప్పుడు, "బామ్మర్దీ, దీనికి జీపు ఇంజను పెడ్తే ఎట్లుంటది?" అన్నాడు.

ఆయన ఊరికే అడిగాడు. నాకు మాత్రం అది వర్క్ ఆర్డరులా వినబడింది. ఇంటికి చేరేలోగా నోటుపుస్తకంలో పదకొండు అంశాలు పడ్డాయి. వారం తిరిగేసరికి నలభై రెండయ్యాయి. పాత ఇనుప సామాను దుకాణంలో ఒక డీజిలు జీపు ఇంజను దొరికింది. నలుగురు మనుషులు, ఒక ట్రాలీ ఆటో, లెక్కలేనన్ని బూతుల సాయంతో అది అక్కావాళ్ల ఇంటి ముందుకొచ్చి రెండు చెక్క దిమ్మల మీద కూర్చుంది. నా జాబితాలో కొన్ని చిన్న చిక్కులు లేకపోలేదు. ఉదాహరణకు పన్నెండో అంశం: జీపు ఇంజను తిప్పేది వెనక చక్రాలను, ఈ కారులో తిరిగేవి ముందు చక్రాలు. దాని ఎదురుగా "తర్వాత చూడాలి" అని రాసి, టిక్కు పెట్టాను. చూడాలని నిర్ణయించుకోవడమూ ఒక పనే కదా.

కొలతల విషయంలో మాత్రం నన్ను వేలెత్తి చూపే వీల్లేదు. పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కోటి మూడేసిసార్లు కొలిచాను. టీవీ వచ్చిన అట్టపెట్టెను కోసి, అచ్చం అదే కొలతలతో ఒక అట్ట ఇంజను తయారుచేశాను. కారు అసలు ఇంజను ఎలాగూ దించేసి పక్కన పెట్టాం కాబట్టి, వాడకట్టు అంతా చూస్తుండగా ఆ అట్టను ఖాళీలోకి దించి బానెట్ మూశాను. మూతపడింది! చప్పట్లు కొట్టారు. అక్క ఒక్కతే నా దగ్గరికొచ్చి, "తమ్మీ, ముందట రేకు కోసినంక ఇది మల్ల నడుస్తదా? మాకు ఉన్నదొక్క కారు" అంది. "నూటికి నూరుపాళ్లు నడుస్తది అక్కా" అన్నాను. ఆ "నూరుపాళ్లు" ఏ లెక్క ప్రకారం చెప్పానో ఏ పేజీలోనూ లేదు.

ఇక బావను పట్టే వీల్లేకపోయింది. గనిలోకి దిగే ముందు హాజరు వేసే దగ్గర, టీ బండి దగ్గర, క్షౌరశాలలో, ఎక్కడ చూసినా ఇదే మాట. "మా బామ్మర్ది ఆపరేషన్ చేస్తుండు. వచ్చే నెల నుంచి చడావు మీద నేనే లారీని దాటేస్త, చూస్తుండుండ్రి." ఇంజను నిలబెట్టాలంటే కారు ముందుభాగంలో కొంత రేకు, అడ్డంగా ఉన్న ఒక బీము కోయాలి. అందుకు గ్యాసు కటింగు చేసే మనిషిని (వాడకట్టులో ఆయన పేరు కటింగన్న) ఆదివారానికి మాట్లాడాం. గనికి వారపు సెలవు, ప్లేడే అంటారు, ఆ రోజే.

శనివారం పొద్దున అక్కావాళ్ల పెరట్లో పళ్లు తోముకుంటూ ఆమె కోళ్లను చూస్తున్నాను. ఒక నల్లటి ఇనుప తొట్టిలో ముక్కులు ముంచి నీళ్లు తాగుతున్నాయి. లోతైన తొట్టి. అంచు చుట్టూ బోల్టుల రంధ్రాలు. నోట్లో వేపపుల్ల అలాగే ఆగిపోయింది.

"అక్కా, గిది యాడిది?"

"నీ ఇంజనుతోని అచ్చిందే గదా. నూనె జిడ్డుంటే సర్ఫేసి కడిగిన. కోళ్లకు మంచిగుంది."

అది ఇంజను అడుగున బిగించే ఆయిల్ సంపు. దుకాణంవాడు ఊడదీసి విడిగా పంపాడు. నేను మూడుసార్లు కొలిచింది అది లేని ఇంజనును! కోళ్లను అదిలించి టేపు పెట్టాను. జానెడు లోతు. అంటే అసలు ఇంజను బానెట్‌లోంచి జానెడు పైకి తేలుతుంది, లేదంటే కిందికి దిగి రోడ్డును గీరుతుంది. అప్పుడు, మొదటిసారి, దాని బరువు గురించి కూడా నిజాయితీగా ఆలోచించాను. నలుగురు మోయలేక తిట్టుకున్న ఇనుము అది. కారునైతే చడావు మీద కూడా చేతులతో తోసేశాం.

నోటుపుస్తకం తీసి నలభై మూడో అంశం రాశాను: "ఇంజను పట్టదని బావకు చెప్పడం."

మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి వెళ్తే బావ ఎవరికో నన్ను చూపించి "గిదే ఆ తలకాయ" అన్నాడు. రెండోసారి బానెట్ తుడుస్తూ పాట పాడుకుంటున్నాడు. మూడోసారి నాకోసం మటన్ తెచ్చాడు. తిని వచ్చేశాను. అంశం పక్కన "ఎలా?" అని చేర్చాను. ఇంటికొచ్చి టీ తాగి, పుస్తకం అక్కడే వదిలేసి పడుకున్నాను.

ఆదివారం ఎనిమిదింటికి కటింగన్న సిలిండర్లతో వచ్చాడు. జనం చేరారు. బావ కొత్త లుంగీ కట్టాడు. కటింగన్న కళ్లద్దాలు దించుకుని నావైపు చూశాడు. "ఏంది ఇంజనీరు సాబ్, యాడ గొయ్యాలె?" సుద్దముక్కతో గీత గీయడానికి వంగాను. గీత వంకరపోయింది. ఇంకో గీత గీశాను. అది మొదటిదానికంటే వంకర.

అప్పుడు వచ్చాడు మా బాపు, అంటే నాన్న. ఆయన టింబర్‌మన్. గనిలో పైనున్న బండ కూలకుండా దుంగలు నిలబెట్టడం ఆయన పని. బండ కింద అడుగుపెట్టే ముందు కట్టెతో పైకి తట్టి వింటారు. ఖంగుమంటే గట్టిది, డబ్బుమంటే డొల్ల. డొల్ల అని ఆయన అంటే, రెండు కట్టెలు అడ్డంగా నాటి దారి మూసేసేవాళ్లు. అది దాటి, షిఫ్టు నడిపించే ఓవర్‌మన్ కూడా పోడు. మాటకు ఎదురుండదు, వాదనుండదు.

బాపు ఆ కట్టెతోనే వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడలేదు. కారు ముందు గొంతుక్కూర్చుని నేను గీత గీసిన బీమును రెండుసార్లు తట్టాడు. తల వంచి విన్నాడు. మళ్లీ ఒకసారి తట్టాడు. లేచి, "డొల్ల" అన్నాడు.

అంతే. బావ రెండడుగులు వెనక్కు వేశాడు. చూస్తున్న గని మనుషులంతా వెనక్కి జరిగారు. బాపు పక్కనున్న రెండు కట్టెలు తెచ్చి కారు ముందు అడ్డంగా పెట్టి, "అల్లుడా, లోపట తుప్పు తిన్నది. ఇంజనేస్తే కూల్తది. మన పాత ఇంజనే మంచిగ జేపిచ్చుకో" అని ఇంటికి వెళ్లిపోయాడు.

"మామ డొల్ల అన్నంక ఇగ ఎవడు పోతడు?" అన్నాడు బావ. కటింగన్న సిలిండరు మూత బిగించాడు. నేను సుద్దముక్కను జేబులో వేసుకుని ఇంటి వెనక్కి వెళ్లి, కోళ్ల పక్కన కూర్చుని, అవి తాగే సంపులోంచే నీళ్లు తీసుకుని మొహం కడుక్కున్నాను. అంత చల్లటి నీళ్లు మళ్లీ తగల్లేదు.

జీపు ఇంజను ఒక పిండిగిర్నీకి వెళ్లింది. పాత ఇంజను బాగుచేసి మళ్లీ బిగించాం (జాబితా లేకుండా). కొన్నాళ్లకు ఎవరూ లేనప్పుడు బాపు కట్టె తీసుకుని నేనూ ఆ బీమును తట్టాను. ఖంగుమంది. గుడిగంటలా. బాపును అడిగితే తలెత్తకుండా, "నువ్వు పుస్తకం టీ గిలాస కింద పెట్టి పోయినవ్. ఆఖరుది సదివిన" అన్నాడు. గనిలో అన్నేళ్లు ఒక్కసారి కూడా తప్పు చెప్పని కట్టె అది. నాకోసం ఒక్కసారి చెప్పింది.

మొన్న బావ రిటైరయ్యాడు. మెడలో దండ, భుజాన శాలువాతో కూర్చున్న ఆయన పక్కకు చేరి, ఇన్నేళ్ల తర్వాత నలభై మూడో అంశం పూర్తిచేశాను. సంపు సంగతి, బాపు సంగతి, అంతా చెప్పాను. ఆయన నవ్వడం మొదలుపెడితే దండలోంచి పూలు రాలాయి.

"పిచ్చోడా, నేను గనిల పని జెయ్యలేదారా? ఖంగుమన్నది నాకు ఇనబడలేదనుకున్నవా?"

"మరి ఏమనలేదేంది బావా?"

"ఊరంత చెప్పుకుంటి. ఎట్ల వద్దంట? వారం సంది నిద్ర లేదు. మామ కట్టెలు అడ్డం పెట్టంగనే పాణం నిమ్మళమైంది. అందరికంటె ముందు ఎనకకు జరిగింది ఎవలో యాదికి తెచ్చుకో."

గుర్తుంది. రెండడుగులు. ఆ ఆదివారం వాడకట్టు మొత్తంలో భయపడుతున్నది తానొక్కడే అనుకుని, వంకర గీతలు గీస్తూ వంగి నిలబడ్డ ఆ చెవిమీద పెన్సిలు కుర్రాడు కూడా గుర్తున్నాడు. పాపం, అన్నీ కొలిచాడు.