ఐస్‌పెట్టెలో పెట్టిన సీసా

చదివింది చాలనుకునే నాలాంటి వాళ్ల కోసం ఇది రాసిపెడుతున్నాను.

ఆస్ట్రేలియాలో డార్విన్ ఊరికి వెళ్లే బస్సు దారిలో ఆగింది. పక్కసీటులోని రీసెర్చ్ అమ్మాయి శ్రావణి వేడినీటి బుగ్గ నుంచి తెచ్చిన నీళ్ల సీసాను నాకిచ్చి, “జాగ్రత్త అంకుల్” అని దిగింది. సీసా వేడి నిలిపే సంచిలో ఉంది. శాంపిళ్లు చల్లగా ఉంచాలని చదివాను కదా, తీసి డ్రైవర్ పీటర్ ఐస్‌పెట్టెలో పెట్టించాను.

తిరిగొచ్చి చూసి శ్రావణి అదిరిపడింది. “అయ్యో! ఆ నీళ్లలోని బ్యాక్టీరియా వేడిలోనే పెరుగుతుంది అంకుల్, ఐస్‌లో పెడితే ఇక పనికిరాదు. దానికి పట్టే వైరస్ నుంచి వేడికి చెడని ఎంజైమ్ తీయాలి. రేపట్నుంచి వానలకి ఆ బుగ్గ దారి మూసేస్తారు. ఇక ఆరునెలలు ఆగాల్సిందే.”

“పుస్తకంలో అలాగే ఉందమ్మా,” అన్నాను.

“నన్నడగాల్సింది.”

ఐస్ ఇచ్చిన పీటర్‌కూ, పుస్తకాలిచ్చిన లైబ్రేరియన్ సుజాతగారికీ కృతజ్ఞతలు. డార్విన్‌లో నా పెట్టె దించిపెట్టిన శ్రావణికి ఆరోజు సారీ కూడా చెప్పలేదు.