బాలకిష్టయ్య గీసిన నక్షత్రం

తెలంగాణ రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడాది జూన్‌లో నేను సైకాలజీ విభాగానికి ఇన్‌చార్జి హెడ్‌గా ఉన్నాను. నల్లగొండ, పాలమూరు జిల్లాల పిల్లలు ఎక్కువగా చదివే విశ్వవిద్యాలయం మాది. హెడ్ అంటే పెద్ద హోదా అనుకునేరు. రెగ్యులర్ అధ్యాపకులం ఇద్దరమే. రెండో ఆయన డిప్యుటేషన్ మీద వెళ్లిపోయాక మిగిలింది నేనూ, అటెండర్ బాలకిష్టయ్యా, ఒక తాళంచెవుల గుత్తీ. ఆ గుత్తి కూడా ఆయన దగ్గరే ఉండేది.

ఏటా జూన్‌లో ఇలాంటి విభాగాలకు పార్ట్‌టైం ట్యూటర్లను తీసుకుంటారు. గంటల లెక్కన పని, ఏడాది చివర ఇంటికి. ఉద్యోగం అనడానికి నోరు రాదు గానీ దరఖాస్తులు మాత్రం కట్టలుగా వస్తాయి. పొద్దున ప్రాక్టికల్స్ చేయించేస్తే మిగతా రోజంతా లైబ్రరీలో కూర్చుని పీహెచ్‌డీ ప్రవేశ పరీక్షకు చదువుకోవచ్చు, అందుకు. ఆ ఏడు ఉన్న ఒక్క ఖాళీకి ఐదుగురిని పిలిచాం.

ఎంపికలో ముందు బోర్డు దగ్గర పది నిమిషాల పాఠం, దాన్ని డెమో అంటాం. తర్వాత ఒక ప్రయోగం చేసి చూపాలి. నేను అద్దంలో నక్షత్రం గీయించే ప్రయోగం పెట్టాను. జంట గీతలతో నక్షత్రం అచ్చువేసిన కాగితం బల్ల మీద ఉంటుంది. కూర్చున్న మనిషికి తన చెయ్యి నేరుగా కనబడకుండా అడ్డురేకు పెడతాం. ఎదురుగా ఉన్న అద్దంలో చూస్తూ ఆ జంట గీతల మధ్య నుంచే పెన్సిల్ నడపాలి. గీత దాటితే తప్పు. అద్దంలో దిక్కులు తిరగబడతాయి కాబట్టి మొదటిసారి ఎంతటివారికైనా చెయ్యి మాట వినదు. చేస్తూ పోతే తప్పులు తగ్గుతాయి. ఆ తగ్గుదలను గ్రాఫుగా గీస్తే మెట్లు దిగినట్టు వస్తుందని పాఠ్యపుస్తకం చెబుతుంది.

రికార్డుల విషయంలో నేను కొంచెం చాదస్తుణ్ణి. 'కొంచెం' అన్నది నా మాట, పిల్లలు వేరే మాట వాడేవారు. గ్రాఫు మెట్లు దిగకపోతే 'మళ్లీ చేయుము' అని ఎర్ర సిరాతో రాసి వాపసు ఇచ్చేవాణ్ణి.

సెలవులు కావడంతో ప్రయోగానికి కూర్చునే విద్యార్థులు దొరకలేదు. బాలకిష్టయ్యనే కూర్చోబెట్టాం. నలుగురు అభ్యర్థులు ఒకరి తర్వాత ఒకరు చకచకా ముగించారు. నలుగురి గ్రాఫులూ పుస్తకంలోంచి దించినట్టే వచ్చాయి. ఎంపిక సంఘానికి అధ్యక్షులైన డీన్‌గారిది కెమిస్ట్రీ. మీ శాస్త్రం ఇంత కచ్చితంగా ఉంటుందనుకోలేదండీ అని ఆయన అంటే నేను వినయంగా నవ్వాను.

ఐదో అభ్యర్థి పేరు రేణుక. దేవరకొండ దగ్గర పల్లె, ఇంట్లో గొర్రెల మంద. ఎం.ఏ. అయ్యాక జడ్చర్లలో ఒక మందుల కంపెనీ ప్యాకింగ్‌లో చేరింది. షిఫ్టు మార్పించుకుని వచ్చానని, ఇలాంటి ఎంపికకు రావడం ఇది మూడోసారని చెప్పింది. ఈసారి కూడా రాకపోతే ఏం చేస్తావని డీన్‌గారు అడిగారు. కంపెనీలోనే ఉండిపోతానని, ఇక పుస్తకాలు తీయనని జవాబిచ్చింది. ఆమె మామూలుగానే చెప్పింది గానీ నాకే మనసు చివుక్కుమంది.

డెమో బాగా చెప్పింది. ప్రయోగం మొదలుపెట్టి, మొదటి ప్రయత్నం కాగానే స్టాప్‌వాచీ ఆపి, కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. పట్టికలో అంకె వేయలేదు. స్టూలు లాక్కుని బాలకిష్టయ్య పక్కన కూర్చుంది.

"కాకా, గిది ఇంతకుముందు చేసినవా?"

ఆయన నా వైపు చూశాడు. చెప్పమని తల ఊపాను.

"శానసార్లు చేసిన బిడ్డా."

"మరి గీ తప్పులెందుకు? తప్పు పోయిన చెయ్యి గింత సక్కగ వాపస్ రాదు కాకా. గీత దాటినంక దారి దొరకక జరసేపు ఆగమైతది. నువ్వు బయటికి పోయి సీదా లోపలికొచ్చినవ్."

బాలకిష్టయ్య ఏమీ తడబడలేదు. తన పనిలోని మెళకువ కొత్తవాళ్లకు నేర్పే మనిషిలా చెప్పాడు. "మొదాలు ఎక్కువ తప్పులు చెయ్యాలె బిడ్డా, పోంగ పోంగ తగ్గియ్యాలె. గట్ల గాకుంటే సారు రికార్డు వాపస్ ఇస్తడు. పిల్లలు పరేషానైతరు."

డీన్‌గారు మెల్లగా నా వైపు తిరిగారు. ప్రయోగానికి మనిషి దొరకని పిల్లలు ఏళ్ల తరబడి ఈయన్నే కూర్చోబెట్టుకున్నారన్నమాట. ఆ నక్షత్రాన్ని కళ్లు మూసుకుని గీయగల మనిషి, నా కోసం లెక్కప్రకారం తప్పులు చేస్తూ వచ్చాడు. ఆ పొద్దున నాలుగుసార్లు కూర్చున్నా, ప్రతిసారీ మొదటి తప్పులు మళ్లీ ఎక్కడి నుంచి వచ్చాయని ఇంత సర్వీసున్న నాకు తోచనేలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

రేణుక పట్టికను ఖాళీగానే ఉంచి, ఈ వ్యక్తికి ముందే అలవాటు ఉన్నందున ఫలితం చెల్లదని కింద రాసి ఇచ్చింది. ఇచ్చిన పని పూర్తి చేయలేదు కాబట్టి నిబంధన ప్రకారం ప్రయోగం మార్కులు పడవని డీన్‌గారు అన్నారు. ఆమె స్టాప్‌వాచీ బల్ల మీద పెట్టి బ్యాగు అందుకుంది. ఆమె పక్షాన మాట్లాడాలంటే నా ఎర్ర సిరా నిర్వాకం నేనే ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాను, సంతోషంగా మాత్రం కాదు. ఈ ప్రయోగం ఎన్నడూ చేయని మనిషి మీద ఆమెకు ఇంకో అవకాశం ఇవ్వాలని, ఈ గదిలో అటువంటివారు తమరొక్కరేనని డీన్‌గారికి మనవి చేశాను.

ఆయన కళ్లజోడు సవరించుకుని హుషారుగా కూర్చున్నారు. మొదటి మూలలోనే చిక్కుకున్నారు. పెన్సిల్ పైకి పొమ్మంటే కిందికి వస్తోంది. అద్దం వంకరగా ఉందన్నారు. రెండో ప్రయత్నంలో పౌరుషం కొద్దీ తొందరపడి ఇంకా ఎక్కువ తప్పులు చేశారు. మూడోది కాస్త నయం. నాలుగోది మళ్లీ చెడింది. బాలకిష్టయ్య పక్కనే నిలబడి నిమ్మళంగా కానివ్వమని ధైర్యం చెబుతున్నాడు. చివరికి వచ్చిన గ్రాఫు దేవరకొండ గుట్టల్లా ఎగుడుదిగుడుగా ఉంది. దీన్ని ఎట్లా రాస్తావమ్మా అని డీన్‌గారు దిగులుగా అడిగారు.

"వచ్చింది వచ్చినట్టే రాస్త సార్. రెండోసారి మీరు తొందరపడ్డరని గూడ రాస్త."

ఆయన కర్చీఫుతో మొహం తుడుచుకుని, మార్కుల పత్రం దగ్గరికి జరుపుకుని, ఆమె పేరు పక్కన పూర్తి మార్కులు వేసి ముందుగా తనే సంతకం పెట్టారు.

జూలైలో రేణుక కంపెనీ మానేసి వచ్చి చేరింది. చేరిన వారంలోనే, ఒకసారి చేసినవారిని అదే ప్రయోగానికి మళ్లీ కూర్చోబెట్టకూడదని నోటీసు అంటించింది. బాలకిష్టయ్య రెండు రోజులు ఆమెతో ముభావంగా ఉన్నాడు.

పరీక్షించేవాడికి ఏ ఫలితం ఇష్టమో ముందే తెలిసిపోతే అందరూ ఆ ఫలితాన్నే తెచ్చిపెడతారని నాకు ఎంపిక జరిగిన రోజే తెలిసింది. ఆ సాయంత్రం పాత మార్కుల రిజిస్టరు తీశాను. కోస్గి నుంచి వచ్చిన ఒక విద్యార్థి రికార్డును మూడుసార్లు వాపసు చేసినట్టు అందులో నా రాతలోనే ఉంది. హాస్టల్‌లో ముగ్గురి మీద చేశానని, అందరికీ ఇట్లాగే వచ్చిందని అతను చెప్పినా నేను వినలేదు. నాలుగోసారి గ్రాఫు మెట్లు దిగింది. మంచి మార్కులు వేసి, శ్రద్ధ పెరిగిందని మెచ్చుకుంటూ రాశాను. అతను నిజం తెచ్చింది మొదటి మూడుసార్లే.