మన్ను పోసిన కుండ

నేను చెప్తున్న, పక్కింటి పంతులు రాస్తున్నడు. ఇయ్యాల మా ఇంట్ల జరిగింది మీరందరు విని న్యాయం చెప్పుండ్రి.

మా మరిది పోయిన మైల ఇయ్యాలతోని తీరింది. మైల తీరిననాడు పాత కుండలు పారేసుడు మన ఆచారం, నేను కాదనలె. కానీ సాతంరాయి నుంచి వచ్చిన మా తోడికోడలి అన్న, వంటింటి కుండలు పారేసి ఊకోలె. వాకిట్ల గోడ పక్కకు నేను వంకాయ, మిరప, పుదీన పెట్టుకున్న పగులు కుండలు గూడ ఎత్తవట్టిండు. సరుకులు కొలిచి ఇచ్చే ఈ కంట్రోలు కాలంల మా ఇంటికి అవే కూరగాయలు.

"గవి ఆడనే పెట్టు తమ్మీ" అన్న.

"కుండ ఏదైనా కుండనే గదక్కా. మైల దానికి గూడ ఉంటది."

"మన్ను పోసినంక అది కుండ గాదు, పంట పండే చెలక. మనిషి పోయిండని చెలక పారేస్తమా?"

ఆయన వినకుండ వంకాయ కుండ దర్వాజ దాటిచ్చిండు. నా చెయ్యి కట్టె మీదికి పోయింది. అంతల, మొగడు పోయిన్నాటి నుంచి నోరు తెరవని నా తోడికోడలు లేచి వచ్చింది.

"పుదీన ముట్టకు అన్నా. రోజు పొద్దుగాల దానికి నీళ్లు పోసింది మా ఆయననే."

వాళ్లన్న పుదీన కుండ ఇడిసిపెట్టిండు. బయట పెట్టిన కుండ గూడ తనే లోపలికి తెచ్చిండు. మాపటి బువ్వల వంకాయ కూర ఇంకింత ఏయించుకున్నడు, మైల సంగతి నేను అడగలె.

ఇప్పుడు నా తోడికోడలు చెంబు వట్టుకొని పుదీనకు నీళ్లు పోస్తున్నది. ఆ కుండ పారేయమనేటోళ్లు ఉంటే, వచ్చి ఆమెతోని చెప్పుండ్రి.