సునీతక్క చీనీ తోట ముందు నిలబడిన రోజు

నిన్న పొద్దున ఫోన్ వచ్చింది. రాప్తాడు దగ్గర హైవే మీద సునీతక్క స్కూటీని లారీ గుద్దిందని.

ఏ ఆస్పత్రి అని అడిగాను.

ఆస్పత్రి దాకా పోలేదు, అక్కడే పోయిందన్నారు.

ఇంకా నమ్మలేకపోతున్నాను.

మా సర్వే టీమ్‌లో ఆమె డ్రోన్ పైలట్. నేను అసిస్టెంట్‌ని. కన్‌స్ట్రక్షన్ మొదలవకముందు సైట్‌లో ఏమున్నాయో, బోర్లు, చెట్లు, ఇళ్లు, అన్నీ పైనుంచి ఫొటోలు తీసి రికార్డ్ చేయడం మా పని.

యాడికి అనే ఊరి దగ్గర సోలార్ సైట్ సంగతి చెప్పాలి.

మేం పోయేసరికే జేసీబీ వచ్చి ఉంది. సైట్‌కు వేసే రోడ్డు ఓబుళమ్మ అనే పెద్దామె చీనీ తోటలోంచి, అంటే బత్తాయి తోటలోంచి పోతుంది. చెట్లకు పరిహారం ఇస్తామన్నారు. కానీ సర్వేలో కనపడని చెట్టుకు పైసా రాదు.

కాంట్రాక్టర్ మనిషి అక్కకు అడ్డం వచ్చాడు. "ముందు చదును చేస్తాం మేడం. ఆమీట ఎగరేసుకోండి."

"అప్పుడు బీడే కదన్నా కనపడేది."

"గాలి చూసినారా? పడిపోతే ఎవరిది బాధ్యత?"

"నాదే."

మామూలుగా అంత గాలికి అక్కే వద్దనేది. ఆ రోజు ఎగరేసింది. డ్రోన్ పక్కకు కొట్టుకుపోతోంది. స్క్రీన్ నిండా వార్నింగులు.

అంతలో జేసీబీ స్టార్ట్ అయింది.

ఓబుళమ్మ పరిగెత్తిపోయి ముందున్న చెట్టును వాటేసుకుంది.



అక్క కంట్రోలర్ పట్టుకునే నడిచిపోయి ఆమె పక్కన నిలబడింది. కళ్లు స్క్రీన్ మీదే. "అన్నా, ఇంకా సగం తోట ఉండాది. అంతవరకు ఆపు," అంది డ్రైవర్‌తో. గొంతు పెంచలేదు.

డ్రైవర్ కాసేపు చూసి ఇంజన్ ఆపేశాడు.

"ఎవరు చెప్తే ఆపినావురా?" అని కాంట్రాక్టర్ మనిషి అరిచాడు.

"ఆయమ్మల మీదికి తోలమంటావా?" అన్నాడు డ్రైవర్.

దించేటప్పుడు డ్రోన్ గట్టుకు కొట్టుకుని రెక్క విరిగింది. ఫొటోలు మాత్రం దక్కాయి. అన్ని చెట్లూ కనపడ్డాయి వాటిలో. ఓబుళమ్మకు పరిహారం వచ్చింది. ఆ కాంట్రాక్టర్ మళ్లీ మమ్మల్ని పిలవలేదు.

తిరిగి వచ్చేటప్పుడు అక్క జీపు తాళాలు నా చేతిలో పెట్టింది.

"నువ్వు తోలప్పా. నాకు కాళ్లు ఆడతాండ్లేదు."

అంత భయాన్ని అప్పటిదాకా ఎక్కడ దాచుకుందో.

ఈ మధ్యాహ్నం ఆమెను మట్టి చేసి వచ్చాం.  అక్క కూతురు నా చెయ్యి చివరిదాకా వదల్లేదు.

పోయిరా అక్కా.

పాపకు మేమున్నాం. నీకు నెమ్మది దొరకాలి.