నాటకంలో న్యాయం చెప్పిన సాయన్న తాత

మా చిన్నప్పుడు... బోధన్ పక్కన మా ఊరి బడిలో జెండా పండుగకు ఒక నాటకం వేశాం. సామాజిక బాధ్యత మీద. తెలుగు సార్ రాశారు. కథ చిన్నదే... ఊరంతా కలిసి ఒక ఇంటిని వెలివేస్తుంది, ఊరి పెద్ద వచ్చి అది తప్పని చెప్తాడు.

ఆ పెద్ద వేషానికే మనిషి దొరకలేదు. తొమ్మిదో తరగతి పిల్లవాడికి దూది మీసం పెడితే, నోరు తెరిచినప్పుడల్లా జారేది. చివరికి సార్ వెళ్లి, ఊళ్లో తగాదాలు తీర్చి కట్టుబాట్లు పెట్టే మా ఊరి కమిటీ పెద్ద సాయన్న తాతనే అడిగారు.

నాటకంలో నాది వెలివేసిన ఇంటి పిల్ల వేషం. తాత నా తల మీద చెయ్యి పెట్టి అన్నాడు...

"తప్పు జేసినోనికి బుద్ధి చెప్పుండ్రి. నీళ్లు బంద్ వెట్టకుండ్రి. ఒక్క ఇంటికి తలుపు మూసిన ఊరు, ఊరు గాదు."

ఆడవాళ్లు కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. నాకైతే ఏడుపు నటించాల్సిన పనే లేకపోయింది.

నెల తిరగలేదు. మా ఊళ్లో బెల్టుషాపు ఎవరు నడపాలో కమిటీయే తేల్చేది. దాన్ని మూయించమని మా బాపు పోలీసులకు దరఖాస్తు ఇచ్చాడు. కమిటీకి చెప్పకుండా ఠాణా మెట్లెక్కడం మా దగ్గర పెద్ద తప్పు. సాయంత్రానికి డప్పు చాటింపు... మా ఇంటితో ఎవరూ మాట్లాడొద్దు, మా పనికి ఎవరూ పోవద్దు.

కిరాణా అన్న మొహం తిప్పుకున్నాడు. బడిలో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. అన్నిటికన్నా పెద్ద బాధ చెరకు. చెరకు కొట్టి తెమ్మని ఫ్యాక్టరీ ఇచ్చిన పర్మిట్ చేతిలో ఉంది, నరకడానికి ఒక్క కూలీ రాడు. చెరకు నిలబడే ఎండిపోతుంటే బాపు గట్టు మీద కూర్చుని చూసేవాడు.

నాకు మాత్రం ఎక్కడలేని ధైర్యం. తాత ఉన్నాడు కదా... ఇదంతా ఆయనకు తెలియకుండా మిగతావాళ్లు చేశారనుకున్నా.

ఇంట్లో చెప్పకుండా తాత వాళ్లింటికి పోయాను. ఎండన పడి వచ్చానని అవ్వ చెంబుతో నీళ్లు తెచ్చింది. తాత ఆమె వైపు ఒక్క చూపు చూశాడు. అవ్వ చెంబుతోనే లోపలికి మళ్లింది.

"తాతా, నువ్వే గద అన్నవు... ఒక్క ఇంటికి తలుపు మూసిన ఊరు..."

"అది సార్ రాసిచ్చిండు బిడ్డా, నేను సదివిన." గొంతులో కోపం కూడా లేదు. "మీ బాపును తోలు. కమిటీ ముందట తప్పయిందని మొక్కుమను. తెల్లారి కూలోళ్లు వస్తరు."

బాపు పోయి మొక్కాడు. తెల్లారి కూలీలు వచ్చారు. బెల్టుషాపు మాత్రం ఒక్కరోజు కూడా మూతపడలేదు. ఆ తర్వాత దేని గురించైనా నేను గట్టిగా మాట్లాడితే బాపుది ఒకటే మాట... "నీకెందుకే, ఊకో."

డిగ్రీ చదివాను, నిజామాబాద్‌లో ఉంటున్నాను, ఊరు మారిపోయిందనుకున్నా. నిజంగానే మారింది... ఇప్పుడు డప్పు లేదు. మొన్న మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక ఇంటి పేరు పెట్టి, వాళ్లతో ఎవరూ మాట్లాడొద్దని మెసేజ్ వచ్చింది. కింద వరుసగా సరేనంటూ దండాల బొమ్మలు. ఆ ఇంట్లో ఏడో తరగతి పిల్ల ఉంది. నేనూ చదివాను... రెండు రోజులుగా ఏమీ రాయలేదు.

మీ ఇంటిని ఊరు పక్కన పెట్టిన రోజుల్లో, గడప దాటి వచ్చి మీతో మాట్లాడిన మనిషి ఎవరైనా ఉన్నారా? ఉంటే వాళ్ల గురించి కింద రాయండి, చదవాలని ఉంది. నాకైతే చెప్పుకోవడానికి ఒక్కరూ లేరు...

ఆ పిల్లకూ ఇంకా లేరు.