ఒంటి గుండు తూటా

తూటాలు మంచం మీద పరిచి ఏరుకోవడం మా నాయన నుంచి వచ్చిన అలవాటు. బోధన్‌లో నాకు సైకిళ్ల దుకాణం ఉండేది. దాంతోపాటు నాయన వదిలిపోయిన రెండు గొట్టాల తుపాకీ, దాని లైసెన్సూ ఉండేవి. చెరుకు కొట్టే రోజుల్లో అడవి పందుల బాధ పడలేక ఊళ్లవాళ్లు కబురు పెట్టేవాళ్లు. కబురు రాగానే బీరువా మీద డబ్బా దించి, ఉన్న తూటాలన్నీ దుప్పటి మీద ఒలకబోసేవాణ్ణి. వాటి ఒళ్లు అట్టదే కదా, వానాకాలం తేమకు ఉబ్బుతుంది. ఉబ్బిన తూటా గొట్టంలో ఇరుక్కుంటే, పంది ముందు నిలబడి కల్మా చదువుకోవాల్సిందే. అందుకే ఒక్కోదాన్నీ గొట్టంలో వేసి తీసి, నున్నగా జారినవే పక్కన పెట్టేవాణ్ణి.

మా ఆవిడకు ఇది చూస్తే ఒళ్లుమంట. "తోబా తోబా! మనుషులు పండే మంచమిది, మీ తూటాల దుకాణం కాదు. పందిని కొట్టేటివి తలగడ పక్కన పెడ్తరా?" అని చీపురు పట్టుకుని వచ్చేది. వేట నుంచి తిరిగొచ్చేసరికి గుమ్మంలో నీళ్ల బకెట్టుతో నిలబడేది. చేతులూ కాళ్లూ కడగందే గడప తొక్కనిచ్చేది కాదు. ఎంత పొద్దుపోయినా తను మాత్రం తినకుండా కూర్చునేది. తిట్టిన నోటితోనే "ఇంకో రొట్టె ఎయ్యనా" అని అడిగేది.

ఒక ఏడు వానాకాలంలో జ్వరమొచ్చి తను చనిపోయింది. పిల్లలు లేరు మాకు.

ఆ ఏడే చెరుకు కోతలు ముగిసే వేళకు, ఎప్పుడూ పిలిచే పటేల్ దగ్గర నుంచి కబురొచ్చింది. పెద్ద మగపంది చేలో పడిందనీ, అటవీ శాఖ నుంచి అనుమతి కూడా తెచ్చాననీ చెప్పి పంపాడు. తూటాలు మంచం మీద పరిచాను. ఏరాను. ఎవరూ ఏమీ అనలేదు. ఆ తిట్లు లేని ఇంట్లో కూర్చోవడం నావల్ల కాలేదు. నిజం చెప్తున్నాను, ఆ రోజు నేను పంది కోసం పోలేదు, మనుషుల కోసం పోయాను. ఆ రాత్రికి ఎవరైనా ఉండిపొమ్మంటే బాగుండునని పోయాను.

అలా అనే ఆనవాయితీ అక్కడ లేదు మరి. పంది చావగానే ఊరికి పండుగ. నేను ముసల్మాన్ని, ఆ మాంసం నాకు పనికిరాదు. అందుకని వెంట్రుకలు కాల్చే మంట వెయ్యకముందే, వాసన కూడా తగలకూడదని, ఓ బెల్లపు ముద్ద చేతిలో పెట్టి నన్ను సాగనంపేవాళ్లు. అంతా మర్యాదే. ఎవర్ని తప్పుపట్టేది?

చెరుకు నాలుగు దిక్కుల నుంచి కొట్టుకొస్తే, నడుమ కొంచెం మిగులుతుంది. పంది అందులో దాక్కుంటుంది. మూడు వైపులా మనుషులు డప్పులూ డబ్బాలూ కొడతారు, నాలుగో వైపు తుపాకీ నిలబడాలి. నేను రెండు గొట్టాల్లోనూ ఒంటి గుండు తూటాలే వేస్తుంటే, ఊరంతా నా మీద పడింది.

"సాబ్, శాన గుళ్లుండే తూటా ఎయ్యి! ఏదో ఒక గుండు తల్గుతది," అన్నాడు డప్పాయన.

"ఒక్క గుండు గురి తప్పితె ఎట్ల సాబ్?" అన్నాడు పటేల్.

"తప్పితే పంది బతుకుతది. గుళ్లు చెదిరితే మనిషి సస్తడు. కొట్టేది నేనా, మీరా?" అన్నాను.

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఎవరో గొణిగారు. గొణగనీ. చిన్న గుళ్లు ఆ పంది తోలులోనే ఆగిపోతాయి. గాయపడ్డ పంది తిరగబడి ఎవడి తొడ చీలుస్తుందో చెప్పలేం. పెద్ద గుళ్లయితే ఎటు చెదురుతాయో తెలీదు. ఒంటి గుండుకు ఆ బాధ లేదు, చూపిన చోటికే పోతుంది. కాకపోతే తగిలేది ఒక్కటే కాబట్టి పందిని బాగా దగ్గరికి రానివ్వాలి. పైగా అది దూరం పోయే గుండు. నా ముందున్నది డప్పులు కొట్టే జనం. పంది నన్ను దాటిపోయాక, వెనక్కి తిరిగి, ఖాళీ చేను వైపు కొట్టాలి. అందుకే నా వెనక ఎవరూ ఉండొద్దని అందర్నీ తోలేశాను. చేను ఒడ్డు మీద నేనొక్కణ్ణే మిగిలాను.

డప్పులు మోగాయి. చెరుకు ఆకులు గరగరమన్నాయి. అది నల్లగా దూసుకొచ్చి, నా కాలి పక్క నుంచే పోయింది. తిరిగి, భుజం వెనకగా కొట్టాను. రెండో తూటా అవసరం పడలేదు.

ఒక్కసారిగా అరుపులు, ఈలలు. "శబాష్ సాబ్!" అన్నారు. నిమిషంలో అందరూ పంది చుట్టూ చేరారు. నాకు మాత్రం దూరంగా, గాలికి ఎదురు దిక్కున, కుర్చీ వేసి చాయ్ ఇచ్చారు. నేను కూర్చుని గొట్టం తుడిచాను. తుడిచిందే మళ్లీ తుడిచాను. చాయ్ చల్లారిపోయినా గుటక గుటకగా తాగాను. ఒక్కడైనా "ఉండు సాబ్, నీకు పప్పు వండిస్త, పొద్దుగాల పోదువు" అంటాడేమోనని చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. అంటే నీ సొమ్మేం పోయిందయ్యా పటేలా!

పటేల్ వచ్చాడు. ఎప్పటిలాగే బెల్లపు ముద్ద గుడ్డలో కట్టి తెచ్చాడు. ఎప్పటిలాగే అన్నాడు.

"లే సాబ్, పొద్దుగూకుతున్నది. ఇంట్ల నీ కోసం ఎదురు సూస్తుంటరు."

అనేసి నాలుక కరుచుకున్నాడు. మా ఆవిడ సమాధికి మట్టి ఇవ్వడానికి వచ్చినవాడే, మర్చిపోలేదు, నోటికి అలవాటైన మాట దొర్లిపోయింది. ముఖం నల్లబడి, ఏం చెయ్యాలో తోచక, పరుగున పోయి ఇంకో ముద్ద తెచ్చి అదే గుడ్డలో కుక్కాడు. పాపం, ఆ సిగ్గులో ఉండమన్న మాట ఇంకేం వస్తుంది?

"అవును పటేలా, ఎదురు సూస్తుంటది. పోవాలె," అన్నాను.

ఊళ్లవాళ్లు మోటార్ సైకిల్ మీద మా వీధి మలుపు దగ్గర దింపి పోయారు. తాళం తీశాను. చేతులు కడుక్కోకుండానే గడప దాటాను. బూట్లతోనే లోపలికి పోయాను. మిగిలిన తూటాలు తీసి మంచం మీద పోశాను, తన తలగడ పక్కనే. కూర్చున్నాను.

ఎవరూ తిట్టలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

తర్వాత లేచి, తూటాలు డబ్బాలోకి ఎత్తి, బయటికి పోయాను. బకెట్టు నింపుకుని గుమ్మంలో పెట్టుకున్నాను. చేతులూ కాళ్లూ కడుక్కుని మళ్లీ లోపలికి వచ్చాను.