ఎద్దుల దళారి పెట్టిన పరీక్ష

అనుమానం నాకు పుట్టుకతోనే వచ్చింది. పాలవాడు ఎప్పుడూ లేనిది నవ్వితే, ఈరోజు నీళ్లు ఎక్కువ కలిపాడేమో అనుకునే రకాన్ని. అనుమానంలో నాకే తాత అనిపించే మనిషి ఎమ్మిగనూరు దగ్గర ఒక పల్లెలో తగిలాడు.

ఆ ఊరి బడిలో, మూడో తరగతిలో, చెవులు వినిపించని పిల్ల ఒకతె ఉండేది. వారానికి రెండుసార్లు ఆదోని నుంచి బస్సులో వెళ్లి ఆ పిల్లకు సైగల భాష నేర్పడం నా పని. ఒక్కదానికే నేర్పితే అది ఎవరితో మాట్లాడాలి? నేను ఫోన్లో చూసి నేర్చుకున్న పాఠాల్లో ఏయే దేశాల బడుల్లోనో తరగతి మొత్తం, చెవులు వినిపించే పిల్లలతో సహా, చేతులతో కబుర్లు చెప్పుకుంటూ ఉండేవాళ్లు. నేనూ అదే దారి పట్టాను. పిల్లలకు తెగ నచ్చింది. నోరు మెదపకుండా ముచ్చట్లు పెట్టుకునే వీలు దొరికితే ఎవరికి చేదు? నేను బోర్డు వైపు తిరగగానే నా గురించే ఏదో అనుకుంటున్నారని నా అనుమానం. అది నిజం కూడా.

నచ్చనిదల్లా ఆ పిల్ల తాతకు. నేను వెళ్లిన ప్రతిసారీ వచ్చి తరగతి గడప దగ్గర కూర్చునేవాడు. ఆయన ఎద్దుల దళారి. సంతలో బేరం తెగేది నోటితో కాదు. కొనేవాడూ దళారీ టవాలు కింద చేతులు కలిపి, ఒకరి వేళ్లు ఒకరు నొక్కుకుని ధర తేల్చుకుంటారు. చుట్టూ ఉన్నవాళ్లకు ఏమీ తెలియదు. ఆయన బతుకంతా ఆ టవాలు కిందే గడిచింది.

“సేతుల్తో మాట్లాడేది ఎందుకో నాకు తెలుసమ్మా,” అన్నాడు మొదటి రోజే. “పక్కనుండేటోనికి తెలీకూడదని. మా పిల్లకు ఏం దాసిపెట్టేది నేర్పుతాండావు?”

“దాచేదేముంది పెద్దాయనా? అందరి ముందే కదా నేర్పుతున్నాను.”

“సంతలో మేమూ అందరి ముందరే సేస్తాం.”

నాకు ఒళ్లు మండింది.

ఆయన మీద నాకున్న అనుమానం వేరు. సుగ్గి రోజులు దగ్గరపడ్డాయి. ఇక్కడ పనులు దొరకనప్పుడు జనం మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వలసపోతారు, దాన్నే సుగ్గి అంటారు. పిల్ల అమ్మా నాన్నా కూడా బయలుదేరుతున్నారు. వెంట తీసుకుపోతే దాని బడి పోయినట్టే, అప్పుడప్పుడే చేతుల్లోకి వస్తున్న మాటలూ పోయినట్టే. ఇంట్లో మిగిలేది తాత ఒక్కడే. ఆయన దగ్గర ఉంచమని తల్లిని బతిమాలాను. “మా మామ ఎట్లంటే అట్ల మేడమ్,” అనేసింది. నా పాఠంలో ఏదో ఒక తప్పు పట్టి పిల్లను బడి మాన్పించడానికే ఈయన ప్రతిసారీ వస్తున్నాడని గట్టిగా అనుకున్నాను.

ఒకరోజు పాఠం మధ్యలో లేచాడు. “పిల్లోళ్లు నిజంగా మాట్లాడతాండారా, నువ్వు ఆడిచ్చినట్ల ఆడతాండారా? గంగిరెద్దు గూడా తలకాయ ఊపుతాది.”

“అయితే మీరే పరీక్ష పెట్టుకోండి,” అన్నాను.

దళారి ఎప్పుడూ అమ్మేవాడి మాట నమ్మడు. పళ్లు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. ముందు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు రెండూ కొంగులో పెట్టుకోమన్నాడు. మనవరాలిని బోర్డు దగ్గర నిలబెట్టాడు. ముందు వరసలోని ఒక అమ్మాయిని పిలిచి చెవిలో ఏదో చెప్పాడు. ఆ అమ్మాయి కాసేపు తటపటాయించి సైగ చేసింది: అమ్మతో పోతావా, తాత దగ్గర ఉంటావా?

మనవరాలు ఆయన్ను ఒకసారి చూసి, చేతులు గబగబా ఆడించింది.

“ఏమంటాది? సెప్పు,” అన్నాడు.

ఆ అమ్మాయి తల వంచుకుంది. “అమ్మతోనే పోతాదంట తాతా. నీతో ఉంటే మాట్లాడేకి ఎవరూ ఉండరంట. నీకు మాటలు రావంట.”

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన నా వైపు తిరిగాడు. “ఇది నువ్వు నేర్పిందేనా?”

“నేర్పేదాన్నయితే, మీ దగ్గరే ఉంటానని చెప్పమని నేర్పేదాన్ని కదా?”

ఆ మాట ఆయన నమ్మాడని నాకు తెలిసింది. అమ్మేవాడెవడూ తన ఎద్దు కుంటిదని చెప్పుకోడు. టవాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. తిరుగు బస్సులో నాకు ఏడుపొచ్చింది. నిజం చెప్పినందుకు ఆ పిల్ల మీద కూడా కోపమొచ్చింది.

మళ్లీ నేను వెళ్లేసరికి సుగ్గి బండ్లు వెళ్లిపోయాయి. పిల్ల ఉండదనే అనుకుంటూ తరగతిలోకి అడుగుపెట్టాను. ఉంది. దాని పక్కనే, పిల్లల మధ్య, మోకాళ్లు మడుచుకుని ముసలాయన.

“ఏం పెద్దాయనా, ఈరోజు ఏం పరీక్ష?” అన్నాను, అనుమానంగానే.

ఆయన తల ఎత్తలేదు. “నేర్సుకుంటానని, ఆ దినం సైగ సేసిన పాపతోనే దీనికి సెప్పించినా. నమ్మల్యా. నా మనవరాలు గదా. అయినా అమ్మతో పోకుండా నా కాడే ఉండాది.” రెండు చేతులూ నా ముందుకు చాపాడు. “మిగిలిన మాటలన్నీ తర్వాత నేర్పుదువు గాని టీచరమ్మా. కడుపు నొస్తాందంటే ఎట్లో, భయమైతాందంటే ఎట్లో, ముందు ఆ రెండు సూపించు. రాత్రిపూట మేమిద్దరమే ఉంటాం.”